గుర్రమెక్కించే చేతులు

మా అమ్మాయి గుర్రమెక్కుతుందని చెబితే వినేవాళ్ళ మొహంలో ముందు నవ్వు వచ్చేది, తర్వాత జాలి, ఆ తర్వాత నాకేదో పిచ్చి పట్టిందన్న అనుమానం. మూడూ నాకు అలవాటే. పుట్టినప్పుడు ఊపిరి ఆలస్యంగా తీసుకున్న పిల్ల. ఆ కాసేపట్లోనే మెదడు దెబ్బ తిందని, కాళ్ళూ చేతులూ దాని మాట వినవని డాక్టరు చెప్పాడు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. మాట సాగుతూ, ఆగుతూ వస్తుంది. వచ్చిన మాట మాత్రం సూటిగా తగులుతుంది. ఆ నోరు నాదేనని మా ఆయన అంటారు.

కాళ్ళ సంగతి చెప్పాలి. తొడలు రెండూ కత్తెరలా ఒకదాని మీదకొకటి వచ్చి బిగుసుకుంటాయి. స్నానం చేయించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు వాటిని విడదీయడం నాకు రోజువారీ కుస్తీ. ఆ బిగువు ఇలాగే పెరిగితే తుంటి కీలు జారిపోతుందని, అప్పుడు చక్రాల కుర్చీలో కూర్చోవడం కూడా కుదరదని, మంచానికే పరిమితమవుతుందని ఎముకల డాక్టరు తేల్చేశాడు. నడక గురించి అడగడం మేమెప్పుడో మానేశాం. పిల్ల కూర్చోగలిగితే చాలని, ఆ ఒక్కటీ పోకుండా కాపాడుకోవాలని మా తాపత్రయమంతా.

గుర్రం మాట ముందు ఎత్తింది ఉక్కునగరంలో మా సెక్టారుకి దగ్గర్లో ఉండే ఫిజియోథెరపిస్టు. గుర్రం ఒంటి వేడికీ, అది నడిచే ఊపుకీ బిగిసిన కండరాలు వదులవుతాయట. పెద్ద ఊళ్ళలో దీన్ని వైద్యంలాగే చేయిస్తారట. మన దగ్గర అలాంటి చోటు ఉన్నట్టు తనకు తెలియదంది. బీచిలో పిల్లల్ని తిప్పే గుర్రాలున్నాయి కదా అన్నాను. ఆవిడ కంగారుపడిపోయి, అవి వద్దండి, వాటికి ఇలాంటి పిల్లలతో అలవాటుండదు అంది. ఒకళ్ళు వద్దన్నాక ఆగే మనిషినైతే నాకు చెప్పుకోవడానికి ఏ కథా ఉండేది కాదు.

మా క్వార్టర్ నుంచి బీచికి వెళ్ళడమంటే ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళడం. ఆదివారం తెల్లారేసరికి ఆటో ఎక్కితే గాజువాక దాటి, పోర్టు లారీల వరస పక్కనుంచి, బొగ్గు ధూళి మింగుకుంటూ పోవాలి. పొద్దున్నపూట బీచి రోడ్డు మీదకి బళ్ళు రానివ్వరు కనుక బీచికి దిగే వాలులో ఆటో ఆపేసి, అక్కడినుంచి చక్రాల కుర్చీ నేనే తోసుకుంటూ వెళ్ళేదాన్ని. నడకకొచ్చిన పెద్దమనుషులు దారి ఇచ్చి మరీ చూసేవాళ్ళు.

గుర్రం అతను విజయనగరం వైపు పల్లె మనిషి. యాభై దాటి ఉంటాయి. పొద్దున్నా సాయంత్రం బీచిలో పిల్లల్ని తిప్పేవాడు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళికొడుకుల్ని ఊరేగించేవాడు. గుర్రం తెల్లదని అతనంటాడు గానీ, అసలు రంగు బూడిద. మొదటిరోజు మా పిల్లని ఎగాదిగా చూసి, అందరిలా గొంతు తగ్గించకుండా, "ఏటైందమ్మా ఈ గుంటకి?" అని అడిగేశాడు. అలా అడిగినవాళ్ళు తక్కువ కాబట్టి నాకతను వెంటనే నచ్చాడు. ఉన్నదంతా చెప్పాను. విని, గుర్రం మీది జీను తీసేశాడు.

"జీను తోలు మీద కూకుంటే గుర్రం వేడేటి తగుల్తాది? ఒట్టి దుప్పటే ఏద్దాం" అన్నాడు.

ఆ రోజు అన్నయ్యా అని పిలిచాను, అదే ఖాయమైంది. నాకు అన్నయ్య కనుక పిల్లకి మావయ్య.

ఎక్కించడం ఎలాగో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పిల్లని బీచి గోడ మీద కూర్చోబెట్టి వెనకనుంచి నేను పట్టుకునేదాన్ని. అతను గుర్రాన్ని ఇసకలో గోడకి ఆనించి నిలబెట్టేవాడు. తర్వాత పిల్లని చంకల కింద పట్టి ఎత్తి, ముందు రెండు కాళ్ళూ ఒక పక్కకే ఉండేలా గుర్రం మీద కూర్చోబెట్టేవాడు. అప్పుడు నేను నడుము పట్టుకుంటే, అతను మోకాలి మీద చెయ్యి వేసి ఊరుకునేవాడు. లాగడు, తొయ్యడు. చెయ్యి అలా ఉంచి గుర్రంతో ఏదో మాట్లాడుతుండేవాడు. కాసేపటికి పిల్ల తొడ దానంతటదే సడలేది. అప్పుడు ఆ కాలిని మెల్లగా అవతలి వైపుకి దాటించేవాడు. ఇంట్లో నేను చెమటలు కక్కుకుంటూ విడదీసే కాళ్ళు అక్కడ గుర్రానికి అటొకటి ఇటొకటి వేలాడుతుంటే నాకు ఏడుపొచ్చేది, కోపం కూడా వచ్చేది. ఇన్నేళ్ళూ నా చేతులేం పాపం చేశాయని.

నాలుగేళ్ళు ఆదివారాలు అలాగే గడిచాయి. వానలకీ, పెళ్ళిళ్ళకీ పోయినవి పోగా మిగిలిన ప్రతి ఆదివారం. అతను కళ్ళెం పట్టుకుని ఒక పక్క, నేను నడుము పట్టుకుని ఇంకో పక్క. తర్వాత తర్వాత నడుము వదిలేసి చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని ఊరికే పక్కన నడిచేదాన్ని. పిల్ల ఎవరి ఊతమూ లేకుండా నిటారుగా కూర్చునేది. అలా కూర్చుని సముద్రం మీద ఓడల్ని లెక్కపెట్టేది. లంగరేసి ఆగినవాటిని తిట్టేది. ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు కాళ్ళు నా మాట వినేవి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు ఉన్నచోటే ఉంది, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి అన్నాడు. ఏం చేస్తున్నామో చెప్పలేదు, చెబితే తిడతాడని.

పదమూడో ఏట పిల్ల పెద్దమనిషి అయింది.

మా అత్తగారు ముందు ఏడ్చారు, తర్వాత తలుపేశారు. "గుట్టుగా తలంటు పోసెయ్యే. నలుగురికీ తెలిత్తే ఏటొత్తాది? రేప్పొద్దున్న దీనికి పెళ్ళి సేత్తావేటి, పేరంటం సేత్తానంటన్నావు?" అన్నారు. మా ఆడపడుచు ఫోన్లో అదే మాట ఇంకొంచెం తియ్యగా చెప్పింది. నా సొంత తమ్ముడు కూడా, నీకెందుకక్కా ఈ హైరానా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్క క్వార్టర్లో పిల్లకి చేస్తే వీళ్ళందరూ పట్టుచీరలు కట్టుకుని పోయి తిని వచ్చారు. నా కూతురు మాత్రం ఆడపిల్ల కాదా?

ఇక నేనాగలేదు. సెక్టారులో కమ్యూనిటీ హాలు మాట్లాడాను. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి గాజులు, పూలు, పసుపు కొమ్ములు చేతులు లాగేసేలా మోసుకొచ్చాను. నువ్వుల చిమ్మిలి నేనే దంచాను. వద్దన్న తమ్ముడే సిగ్గుపడి మేనమామ చీర తెచ్చాడు. లంగా ఓణీ కట్టి, పూలజడ వేసి, చక్రాల కుర్చీ కనబడకుండా దుప్పటి కప్పుదామని ఎవరో అంటే, కప్పొద్దన్నాను. కుర్చీకి కూడా బంతిపూలు చుట్టాను. పిల్ల అద్దంలో తనని తాను చూసుకుని, "బానే ఉన్నాను గదా" అంది, తప్పు పట్టడానికి ఏమీ దొరకనట్టు.

తెలిసినవాళ్ళందర్నీ పిలిచాను. ఆటో అతన్ని, ఫిజియోథెరపిస్టుని, పాలవాణ్ణి. గుర్రం అన్నయ్యని ప్రత్యేకంగా బీచికి వెళ్ళి బొట్టు పెట్టినంత పని చేసి పిలిచాను. వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, హాల్లో చివరి వరసలో కూర్చున్నాడు. అక్షింతలు వెయ్యడానికి వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు దూరంనుంచే చల్లి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. పిల్ల "మావయ్యా" అని పిలిచింది. మేళం హోరులో వినబడలేదనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే వెళ్ళాం. పిల్లని గోడ మీద కూర్చోబెట్టాను. అతను గుర్రాన్ని తెచ్చి గోడకి ఆనించాడు. దుప్పటి సరిచేశాడు. సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు పిల్లతో. నాలుగేళ్ళూ గుంటా, పాపా అని పిలిచిన మనిషి.

నాకప్పటికీ అర్థం కాలేదు. "ఎత్తన్నయ్యా, ఎండెక్కిపోతోంది" అన్నాను.

"నాను ఎత్తకూడదమ్మా ఇంక" అన్నాడు. గుర్రం మెడ మీద చెయ్యి తీయకుండా, నా వైపు చూడకుండా. "పెద్దమనిసైన పిల్ల. మీరు పట్టుకుని కూకోబెట్టండి. కళ్ళెం నాను సూసుకుంటాను."

నేను నవ్వాను. "ఇదేం చోద్యం అన్నయ్యా? నీ చేతుల్లో పెరిగిన పిల్ల" అన్నాను.

"నా సేతుల్లో నా కూతుళ్ళూ పెరిగారు. పెద్దోళ్ళయ్యాక ఏ మగోడి సేతా నాను ముట్టనీలేదు. నా పిల్లలకో నాయం, మీ పిల్లకో నాయమా అమ్మా? మీరు అంత గొప్పగా పేరంటం సేసి, నన్ను పిలిసి, కళ్ళారా సూపించారు. సూసి కూడా తొడ మీద సెయ్యెలాగేస్తాను? అటు సూడండి, ఫోన్లెట్టుకుని తీత్తన్నారు."

నిజమే, ఎవరో తీస్తూనే ఉన్నారు. నాలుగేళ్ళుగా తీస్తూనే ఉన్నారు.

వాదించాను. బతిమాలాను. నా నోటికి లొంగనివాళ్ళు తక్కువ, అతను లొంగలేదు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పిల్ల మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మావయ్యా, నాను ఏటీ అనుకోను. ఎక్కించు" అంది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నువ్వు అనుకోవమ్మా, నాకు తెల్దా" అన్నాడు. అంతే. ఆ రోజు గుర్రం ఎక్కకుండానే ఇంటికొచ్చాం.

ఆటోలో నాకు అతని మీద కోపం రావాలి. రాలేదు, అదే నన్ను చంపేసింది. నా కూతురు అందరి ఆడపిల్లల్లాంటిదే అని హాలు మాట్లాడి, మేళం పెట్టించి ఊరంతటికీ చెప్పుకున్నాను. బంధువులు తిన్నారు, జాలిపడ్డారు, వెళ్ళిపోయారు. నా మాట నిజంగా నమ్మినవాడు ఆ హాల్లో అతనొక్కడే. నమ్మినవాణ్ణి ఏమని తిట్టను? నేను కోరుకున్న గౌరవమే పిల్లకి దక్కింది. దానితో ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

మళ్ళీ ఆదివారం మా ఆయన తానొస్తానన్నారు. ముందురోజు రాత్రి షిఫ్టు చేసి, నిద్ర లేకుండా. ఆయనకి నడుములో డిస్కు ఆపరేషనయింది, బకెట్టు నీళ్ళు కూడా ఎత్తొద్దన్నారు. వద్దంటే వినలేదు. తండ్రిని, నా పిల్లని నేనెత్తుకోలేనా అన్నారు. ఎత్తారు కూడా. గుర్రం మీదకి చేర్చారు, ఒక కాలు దాటించారు, ఆ తర్వాత నడుం పట్టుకుని గోడ మీద అలాగే వాలిపోయారు. పిల్లని కిందకి దించేసరికి నా ప్రాణం పోయింది. ఆయన వారం రోజులు మంచం దిగలేదు. మంచంలోంచే పిల్లకి సారీ చెప్పేవారు. పిల్ల, "నువ్వు సెప్పకు నాన్నా" అనేది.

పక్క క్వార్టర్ ఆవిడ ఒకసారి సాయానికొచ్చింది. గుర్రం తల విదిలించగానే కెవ్వుమని పరిగెత్తింది, ఆవిడ తప్పేం లేదు. ఫిజియోథెరపిస్టుని అడిగితే, నేనప్పుడే వద్దన్నాను కదండీ అంది. గుర్రం అన్నయ్య తన భార్యని తీసుకొస్తే ఆవిడ నాకన్నా బక్కపల్చన, మోకాళ్ళ నొప్పులు. ఈలోగా నెలన్నర గడిచిపోయింది. పిల్ల కాళ్ళు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది. కుర్చీలో కూర్చుంటే ఒక పక్కకి జారుతోంది. నేను దిండు పెడుతుంటే నా మొహంలోకి చూసేది. సింహాచలం వెళ్ళి కప్పస్తంభం కౌగిలించుకుని ఏం అడగాలో కూడా నాకు తెలియలేదు. స్వామీ, ఒక మగమనిషి చెయ్యి నా కూతురి మోకాలి మీద వెయ్యించు అని అడగనా?

చివరికి ఒక ఆదివారం ఎవర్నీ పిలవకుండా వెళ్ళాను. నేనే ఎక్కిస్తానని పంతం. చీర కాదని, చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకి బిగించుకున్నాను. అతను గుర్రాన్ని గోడకి ఆనించి పట్టుకున్నాడు. "జాగర్తమ్మా" అన్నాడు. పిల్లని గోడ మీద కూర్చోబెట్టి, నేనూ గోడ ఎక్కి, వెనక నిలబడి, చంకల కింద చేతులేసి, దేవుడి పేర్లన్నీ తలుచుకుని ఎత్తాను. పదమూడేళ్ళ పిల్ల బరువుంటుంది, బిగుసుకున్న పిల్ల ఇంకా బరువుంటుంది. ఎలాగోలా గుర్రం మీదకి చేర్చాను గానీ కూర్చోబెట్టలేకపోయాను. పిల్ల పొట్ట గుర్రం వీపు మీద అడ్డంగా పడింది. కాళ్ళు రెండూ మెలిపడి గోడ వైపు వేలాడుతున్నాయి. ఆ కాళ్ళు విడదీయాలంటే నడుము వదలాలి, నడుము వదిలితే పిల్ల జారిపోతుంది. గుర్రానికి ఆ బరువు తేడాగా అనిపించిందేమో, ఒక అడుగు పక్కకి వేసింది. గోడకీ గుర్రానికీ మధ్య సందు తెరుచుకుంది.

"అమ్మా, జారిపోతన్నాను" అంది పిల్ల, జూలు పట్టుకుని.

నేను పైనుంచి పిల్ల డ్రెస్సు పట్టుకుని వేలాడుతున్నాను. డ్రెస్సు పైకి ఎగబాకుతోంది. వీపు బయటపడింది. నడకకొచ్చిన మగవాళ్ళు నలుగురైదుగురు అయ్యయ్యో అంటూ పరిగెత్తుకొస్తున్నారు. ఎవరెవరివో చేతులు ముందుకి చాచుకుని వస్తున్నాయి. నా పిల్ల ఒళ్ళు అలా బయటపడి, ముక్కూ మొహం తెలియని ఆ చేతులన్నీ ఒక్కసారి మీదకి రావడం చూసి నాకేమైందో తెలియదు. "ముట్టుకోకండి! ఎవరూ ముట్టుకోకండి!" అని గొంతు చించుకుని అరిచాను. బీచంతా వినబడేలా అరిచాను.

వాళ్ళు ఆగిపోయారు. అప్పుడు చూశాను. కళ్ళెం వదిలేసి, గుర్రం అన్నయ్య కూడా వస్తున్నాడు. చేతులు రెండూ చాచి, ఇంకో అడుగు వేస్తే పిల్లని అందుకునేలా వచ్చేశాడు. నా అరుపుకి అతనూ ఆగిపోయాడు. చాచిన చేతులు అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లగా కిందకి దిగిపోయాయి. నిన్ను కాదన్నయ్యా అని చెప్పాలి. ఈలోగా పిల్ల జారిపోతోంది. ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాను. ఇద్దరం గోడ మీదనుంచి రోడ్డు వైపు పడ్డాం. నా మోచెయ్యి చీరుకుపోయింది. పిల్లకి దెబ్బ తగల్లేదు, నా మీదే పడింది.

లేచి చూసేసరికి అతను గుర్రం మెడ పట్టుకుని సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. దగ్గరకి వెళ్ళాను. "నాను వత్తన్నాను గదమ్మా..." అన్నాడు. ఒక్క మాటతో ఇప్పటికీ అంతా సరిచెయ్యొచ్చేమో అనుకుంటూనే, ఆ మాట ఏమిటో తెలియక కుర్చీ తోసుకుంటూ వచ్చేశాను. ఇంకో ఆదివారం పిలిచినా అతను కళ్ళెం వదిలి పిల్లని పట్టుకోడని తెలుసు. అందరి ముందూ వద్దన్నది తల్లే కదా.

ఆటోలో పిల్ల నా భుజం మీద తల పెట్టుకుంది. పోర్టు దగ్గర లారీలు అడ్డం పడి ఆటో ఆగినప్పుడు, సాగదీస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగింది.

"అందరూ పెద్దదాన్నైపోయానంటన్నారు. నాను ఇంకా నడవనేలేదు గదే అమ్మా. అప్పుడే పెద్దదాన్నెలాగైపోయాను?"

ఆటో అతను వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను పిల్ల మోకాళ్ళ మీద చెయ్యి వేసి, అవి సడలుతాయేమోనని ఇల్లు వచ్చేదాకా అలాగే ఉంచాను. సడలలేదు.